పాడైన సెల్స్ కథ దాచుకోకండి

ప్రశ్న: పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్స్ మీద పీహెచ్‌డీ చివరికొచ్చింది. ఒక యూనివర్సిటీలో అంతరిక్షంలో వాడే సోలార్ సెల్స్ మీద రెండేళ్ల పోస్ట్‌డాక్ పోస్టుకు ప్రకటన చూశాను. థిన్ ఫిల్మ్ సెల్స్ తయారుచేసిన అనుభవం తప్పనిసరి, రేడియేషన్ పరీక్షల అనుభవం ఉంటే మంచిది అన్నారు. మొదటిది ఉంది, రెండోది సున్నా. మా గైడుగారేమో ‘పెరోవ్‌స్కైట్ అంతరిక్షంలో పనికిరాదు, అక్కడ ట్రిపుల్ జంక్షన్ సెల్స్ ఎప్పుడో పాతుకుపోయాయి, రెండేళ్లు దండగ’ అంటున్నారు. పైగా నా బెస్ట్ సెల్ ఎఫిషియెన్సీ (ఎండలో కరెంటుగా మారే వంతు) 21 శాతమే. 25 దాటినవాళ్లు చాలామందే అప్లై చేస్తారు. (మధ్యలో ఎనిమిది నెలలు, సెల్స్ వేడికి ఎందుకు పాడవుతున్నాయో వెతకడంలోనే పోయాయి. అందుకే పేపర్లు తక్కువ. అప్లికేషన్‌లో ఆ సంగతి రాయలేదు.) అప్లై చేయమంటారా? ఇంటర్వ్యూ వస్తే ఏం చదువుకోవాలి? ఆ రెండేళ్ల తర్వాత ఎటూ కాకుండా పోతానేమోనని భయం. గడువు శుక్రవారం.
– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా పనికొచ్చే మాటను బ్రాకెట్లలో పెట్టారు. దాన్ని అప్లికేషన్‌లో రాయనేలేదని కూడా మీరే చెప్పారు. సెల్స్ ఎందుకు చచ్చిపోతున్నాయో ఎనిమిది నెలలు వెతికారు కదా, ఆ పోస్టు ఉన్నదే ఆ పనికి. తప్పకుండా అప్లై చేయండి. మీ గైడుగారి మాటలోనూ కొంత నిజముంది, ముందు ముందు దాని దగ్గరికొస్తాను.

నేల మీద సోలార్ సెల్ వాళ్లు ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న ‘ఎఫిషియెన్సీ ఎంత?’ అంతరిక్షం వాళ్లు అదే అడిగి, వెంటనే రెండో ప్రశ్న వేస్తారు: ‘చివర్లో ఎంత?’ ల్యాబ్‌లో బీఓఎల్, ఈఓఎల్ అనే మాటలు రోజంతా వినబడతాయి. బిగినింగ్ ఆఫ్ లైఫ్, ఎండ్ ఆఫ్ లైఫ్. ఉపగ్రహం డిజైన్ చేసేవాళ్లు ప్యానెల్ సైజును రెండోదాన్ని బట్టే లెక్కేస్తారు. 30 శాతంతో మొదలై అందులో నూటికి 80 వంతులు మిగిల్చుకున్న సెల్, ఆఖరి రోజున 24 ఇస్తుంది. 27తో మొదలై నూటికి 92 వంతులు మిగిల్చుకున్నది 24.8 ఇస్తుంది. ప్యానెల్ కొనేవాడు రెండోదాన్నే కొంటాడు. మీ 21ని పక్కింటివాళ్ల 25తో పోల్చుకుని కుంగిపోతున్నారు గానీ, ఆ పోటీ వేరే మైదానంలో జరుగుతోంది.

ఈ రంగం మొదటినుంచీ ఇంతే. 1954లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన సిలికాన్ సెల్ 6 శాతం ఇచ్చేది. నేల మీద దానికి గిరాకీ లేదు. నాలుగేళ్లు తిరక్కుండానే, 1958 మార్చిలో, వాన్‌గార్డ్-1 సోలార్ సెల్స్‌ను మోసుకుని పైకెళ్లింది. కిలోన్నర బరువు కూడా లేని గోళం అది. బ్యాటరీతో నడిచే ట్రాన్స్‌మిటర్ ఆ జూన్‌లోనే మూగబోయింది. సెల్స్‌తో నడిచేది 1964 దాకా పలుకుతూనే ఉంది. ఆ మధ్యలోనే అసలు పాఠం వచ్చింది. 1962 జులై 9న స్టార్‌ఫిష్ ప్రైమ్ పేరుతో సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున అణుబాంబు పేల్చి చూశారు. ఆ పేలుడు వదిలిన ఎలక్ట్రాన్లు భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని తిరగడంతో ఏరియల్-1, ట్రాన్సిట్-4బి లాంటి ఉపగ్రహాల సోలార్ సెల్స్ దెబ్బతిన్నాయి. సరిగ్గా ఆ మర్నాడు ఎగిరిన టెల్‌స్టార్ మీద ఉన్నవి ఎన్-ఆన్-పి (పి-రకం సిలికాన్ మీద ఎన్-రకం పొర) సెల్స్. అంతకుముందు వాడిన పి-ఆన్-ఎన్‌ను తిరగేసి చేసినవే. పి-రకం సిలికాన్‌లో ప్రయాణించే ఎలక్ట్రాన్లు, ఎన్-రకంలో ప్రయాణించే హోల్స్ (ఎలక్ట్రాన్లు లేని ఖాళీలు) కన్నా దెబ్బలకు బాగా ఓర్చుకుంటాయి. కొత్త పదార్థం కనిపెట్టలేదు, రికార్డు కొట్టలేదు. దెబ్బ ఎక్కడ తగులుతోందో చూసి పొరలు తారుమారు చేశారు, అంతే. తర్వాత వచ్చిన అంతరిక్ష సిలికాన్ సెల్స్ ఆ దారే పట్టాయి.

ఇక గైడుగారి మాట. ట్రిపుల్ జంక్షన్ పాతుకుపోయిందన్నది నిజం. జర్మేనియం పలక, దాని మీద గాలియం ఆర్సెనైడ్, ఆపైన ఇండియం గాలియం ఫాస్ఫైడ్. ఒక్కో పొర సూర్యకాంతిలో ఒక్కో ముక్కను పట్టుకుంటుంది. అంతరిక్షపు ఎండలో 30 శాతం దరిదాపుల్లో ఇస్తుంది, రేడియేషన్‌కీ బాగా తట్టుకుంటుంది. అంతకన్నా ముఖ్యం, దానికి ఫ్లైట్ హెరిటేజ్ ఉంది. ఎన్నో ఏళ్లుగా ఎగిరి, బతికి చూపించింది. పైకెళ్లాక రిపేరుకు ఎవరూ వెళ్లలేని చోట, పెద్ద మిషన్ నడిపేవాళ్లు ‘బాగుంటుందనిపిస్తోంది’ అన్నదాన్ని కొనరు. కాబట్టి మీరు ఆ రెండేళ్లలో చేసిన సెల్ ఏ గురుగ్రహ యాత్రకో వెళ్లిపోతుందని ఎవరైనా ఆశ పెడితే నమ్మకండి.

కానీ ‘పనికిరాదు’ అనడం మాత్రం తొందరపాటు. పెరోవ్‌స్కైట్ నమూనా ఒకటి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయట పది నెలలు ఉండి తిరిగొచ్చింది. 2023 జనవరిలో కాల్‌టెక్ పంపిన ప్రయోగంలో పెరోవ్‌స్కైట్‌తో సహా 32 రకాల సెల్స్‌ను పైకి తీసుకెళ్లి ఒకేసారి పరీక్షించారు. ఇవి వ్యాపారానికి ఎగిరినవి కావు, పరీక్షకు ఎగిరినవి. ఎందుకు ఎగరేస్తున్నారంటే, ట్రిపుల్ జంక్షన్‌ను ఒక్కో పొరగా పెంచడానికి చాలా ఖరీదైన యంత్రం, ఆర్సీన్ లాంటి విషవాయువులు, పైగా జర్మేనియం పలక కావాలి. ఆ పలకే 150 మైక్రాన్ల దాకా మందం. మీ పెరోవ్‌స్కైట్ పొర అర మైక్రాను. బరువు తగ్గే అవకాశం ఎంతో లెక్కేసుకోండి. వందల కొద్దీ చిన్న ఉపగ్రహాలు, అవీ కొద్ది ఏళ్లు పనిచేస్తే చాలనుకునేవి పంపేవాళ్లకు, కిలోకు ఎన్ని వాట్లు, వాటుకు ఎంత ఖర్చు అన్నదే లెక్క. మీ పోస్టు ఆ ఖాళీలో పుట్టింది.

ఇప్పుడు మీ సెల్‌ను పైకి పంపితే ఏమవుతుందో చూద్దాం. ఇంటర్వ్యూలో ఇక్కడే తవ్వుతారు. నేల మీద మీరు కొలిచేది చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండలో, 25 డిగ్రీల దగ్గర. పైన అది 1361 వాట్లు, కొలత 28 డిగ్రీల దగ్గర. ఆ ఎండను ఏఎం జీరో అంటారు. వాతావరణం వడకట్టని ఎండ కాబట్టి కరెంటు పెరుగుతుంది, అయినా శాతం మాత్రం తగ్గుతుంది. పెరిగిన ఎండలో చాలా భాగం అల్ట్రావయొలెట్, ఇన్‌ఫ్రారెడ్ వైపుది, మీ సెల్ దాన్ని వాడుకోలేదు. ‘మీ 21 శాతం పైన ఎంతవుతుంది?’ అని అడిగితే 21 అని చెప్పినవాళ్ల ఇంటర్వ్యూ సగం అక్కడే అయిపోతుంది.

తేమ, ఆక్సిజన్ నేల మీద పెరోవ్‌స్కైట్‌కు ప్రాణాంతకం, పైన అవి లేవు కదా అని చాలామంది సంబరపడతారు. నిజమే గానీ రాకెట్ ఎక్కేదాకా సెల్ భూమ్మీదే ఉంటుంది. నెలల తరబడి గోదాముల్లో, ప్రయోగ కేంద్రంలో ఎదురుచూస్తుంది. పైకెళ్లాక శూన్యం. మిథైల్ అమోనియం ఉన్న పెరోవ్‌స్కైట్‌ను వేడి, శూన్యం కలిసి పీడిస్తాయి. అందుకే సీజియం, ఫార్మమిడీనియం కలిపిన మిశ్రమాల వైపు మొగ్గుతున్నారు. మీరు వేడి మీద ఎనిమిది నెలలు కూర్చున్నారన్నారు కదా. ఏ మిశ్రమంతో, ఎన్ని డిగ్రీల దగ్గర, ఏ పొర ముందు పోయింది? పెరోవ్‌స్కైటా, దాని పైనున్న, కరెంటును బయటికి చేర్చే రవాణా పొరా, లేక లోహం లోపలికి దిగిందా? దీనికి జవాబు చెప్పగలిగితే మీరు ఆ గదిలో సున్నా అనుభవం ఉన్న మనిషి కారు.

రేడియేషన్ సంగతి మాత్రం నేర్చుకోవాలి. ఓ రెండు సాయంత్రాలు పట్టే పనే ఇది. ఎస్‌ఆర్‌ఐఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కణాలు పదార్థంలో ఎక్కడ ఆగుతాయో లెక్కేసి చూపిస్తుంది. అందులో మీ సెల్ పొరలన్నీ వరసగా వేసి, లోహం వైపు నుంచి 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ప్రోటాన్లను కొట్టి చూడండి. తర్వాత 10 మెగా ఎలక్ట్రాన్ వోల్టులవి కొట్టండి. ఎక్కువ శక్తివి మీ అర మైక్రాను పొరను గమనించకుండానే దాటిపోతాయి. తక్కువ శక్తివి ఆ చుట్టుపక్కలే ఆగి, ఉన్న బలమంతా అక్కడే దింపుతాయి. ఈ బొమ్మ ఒక్కసారి కళ్లారా చూశాక, ‘మా పెరోవ్‌స్కైట్ భారీ శక్తి ప్రోటాన్లను కూడా తట్టుకుంది’ అని గొప్పగా రాసిన పేపరు చదివితే మీకే చిన్న నవ్వొస్తుంది. తట్టుకోలేదు, తగల్లేదు. ఇక సెల్ మీద 100 మైక్రాన్ల కవర్‌గ్లాస్ పెడితే 3 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల లోపు ప్రోటాన్లు గాజులోనే ఆగిపోతాయి. గాజుంటే బరువు, లేకపోతే దెబ్బ. థిన్ ఫిల్మ్ అన్నవాళ్లందరూ ఆ బేరం దగ్గరే తల పట్టుకుంటారు.

ఇక్కడ నా సొంత చరిత్ర ఒకటి. మొదటిసారి బీమ్‌టైమ్ (రేడియేషన్ యంత్రం వాడుకునే వంతు) దొరికినప్పుడు, నెల రోజులు కష్టపడి చేసిన సెల్స్ ఒక పెట్టెలో సర్దుకుని రైలెక్కాను. రాత్రి షిఫ్టు. తెల్లారేసరికి అన్నిటికీ రేడియేషన్ కొట్టాం. తిరిగొచ్చి కొలిస్తే అన్నిటి కరెంటూ పడిపోయింది. ఎగిరి గంతేసినంత పని చేశాను, డేటా వచ్చిందని. అప్పుడు మా ల్యాబ్ టెక్నీషియన్ ఒక సెల్‌ను కిటికీ వైపు ఎత్తి పట్టుకుని ‘గాజు చూశారా?’ అన్నాడు. లేత టీ రంగు. నేను సెల్స్ కట్టింది మామూలు గాజు మీద. రేడియేషన్‌కు మామూలు గాజు రంగు తిరుగుతుంది. అంతరిక్ష కవర్‌గ్లాస్‌లో సీరియం కలిపేది ఇందుకే. నా కరెంటులో ఎంత సెల్ దెబ్బ, ఎంత గాజు మసక? తెలీదు. పోనీ ప్రయాణంలో తగిలిన తేమ వల్ల ఎంత? అదీ తెలీదు, ఎందుకంటే నాతో పాటు వచ్చి, బీమ్ కింద పెట్టకుండా తిరిగి రావాల్సిన జంట సెల్స్‌ను నేను పట్టుకెళ్లనే లేదు. నెల రోజుల పని ఒక్క పేజీ కూడా నింపలేదు. ఇంటర్వ్యూలో ‘మీరైతే ప్రయోగం ఎలా ప్లాన్ చేస్తారు?’ అని అడిగితే, ప్రయాణం చేసి దెబ్బ తినని సెల్స్ గురించి, ఖాళీ గాజు ముక్కల గురించి ముందు చెప్పండి. బల్లకు అవతల కూర్చున్నవాళ్లలో ఒక్కరైనా తలూపుతారు, వాళ్లకూ నాలాంటి రాత్రి ఒకటి ఉండే ఉంటుంది.

ఇంకో అలవాటు చేసుకోండి. ఏ ప్రశ్న వేసినా ‘ఏ కక్ష్యకు?’ అని ఎదురడగండి. భూమికి దగ్గరి కక్ష్యలో చుట్టు తొంభై నిమిషాలు. అంటే రోజుకు పదహారు సార్లు ఎండ, నీడ. ఏడాదికి 5,800 సార్లు ప్యానెల్ కాగి, చల్లారుతుంది. సెల్ కన్నా ముందు సెల్స్‌ను కలిపే లోహపు పట్టీలు, అతుకులు అలిసిపోతాయి. హబుల్ టెలిస్కోప్ తొలి ప్యానెళ్లు నీడలోంచి ఎండలోకొచ్చిన ప్రతిసారీ వణికి బొమ్మను చెదరగొట్టేవి. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి మార్చారు. అక్కడే అటామిక్ ఆక్సిజన్ (విడివిడి ఆక్సిజన్ పరమాణువులు) అనే మరో పీడ, పాలిమర్లను కొరికేస్తుంది. ఎత్తున భూస్థిర కక్ష్యలో ఈ కాగడం చల్లారడం చాలా తక్కువ, కానీ ఎలక్ట్రాన్ల మోత పదిహేనేళ్లు భరించాలి. గురుగ్రహం దగ్గరైతే కథే వేరు. సూర్యుడి నుంచి భూమి ఉన్న దూరానికి 5.2 రెట్లు, ఎండ దాదాపు 27 వంతుల్లో ఒకటి, చదరపు మీటరుకు 50 వాట్లు. జూనో నౌక ప్యానెళ్లు భూమి దగ్గర 14 కిలోవాట్లు ఇవ్వగలిగినవే, అక్కడికి చేరేసరికి 500 వాట్ల దగ్గర నిలిచాయి. అంత మసక వెలుగులో, అంత చలిలో, నేల మీద ఎవరూ పట్టించుకోని చిన్న షంట్ లీకేజీ (సెల్ లోపలే కరెంటు పక్కదారి పట్టడం) కూడా సెల్‌ను ముంచేస్తుంది. స్పెన్విస్ అని యూరప్ అంతరిక్ష సంస్థది ఒక సాధనముంది, పేరు నమోదు చేసుకుంటే వాడుకోవచ్చు. 500 కిలోమీటర్లకు ఒకసారి, 36,000 కిలోమీటర్లకు ఒకసారి రేడియేషన్ లెక్క వేయించి, ఆ రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

వాళ్లు మిమ్మల్ని అడిగినట్టే మీరూ వాళ్లను అడగాలి. మొహమాటపడకండి, రెండేళ్లు మీవి. బీమ్‌టైమ్ ఇప్పటికే ఖాయమైందా, లేక ‘దొరుకుతుంది’ అంటున్నారా? నన్నడిగితే ఈ ఒక్క జవాబును బట్టే నిర్ణయం తీసుకోవచ్చు. రేడియేషన్ సౌకర్యం సొంతంగా ఉన్న యూనివర్సిటీలు తక్కువ, బయట వరసలో నిలబడాలి. ఆ వరస ఆర్నెల్లు పట్టినా ఆశ్చర్యం లేదు. దెబ్బ కొట్టి చూసే వీలు లేకపోతే మీరు రెండేళ్లూ మామూలు పెరోవ్‌స్కైట్ సెల్స్ చేసి వాటికి అంతరిక్షం అని పేరు పెట్టుకుంటారు, అంతే. ఏఎం జీరో కొలతలు వాళ్ల దగ్గరే అవుతాయా అన్నది కూడా కనుక్కోండి. ప్రాజెక్టులో ప్రయోగం ఎగరేసే ప్లాన్ ఉందంటే సంతోషించండి, కానీ మీ మొదటి పేపరు దాని మీద ఆధారపడకూడదని ముందే మాట్లాడుకోండి. ప్రయోగ తేదీలు జరుగుతూనే ఉంటాయి. మీ కాంట్రాక్టు తేదీ మాత్రం జరగదు.

వేరే దేశంలో పోస్టయితే ఇంకొకటి. అంతరిక్షానికి అర్హత పొందిన, ఏఎం జీరోలో 20 శాతం దాటిన సెల్స్ ఎగుమతి నియంత్రణ జాబితాల్లో ఉంటాయి. దానివల్ల కొన్ని ల్యాబుల్లో విదేశీ పౌరులకు కొన్ని గదులు, కొన్ని ఫైళ్లు అందుబాటులో ఉండవు. అనుమతులకు నెలలు పడతాయి. కొన్ని ఫలితాలు ప్రచురించనివ్వరు. ఇది అవమానంగా తీసుకోవాల్సిన విషయం కాదు, చట్టం. చేరాక తెలుసుకోవడం కన్నా ‘నా పౌరసత్వంతో ఈ ప్రాజెక్టులో ఏ భాగం చేయగలను, ఏది ప్రచురించగలను?’ అని ఇప్పుడే ఈమెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ఎటూ కాకుండా పోతానేమో అన్నారు. సెల్ తయారీ ఒక్కటే తెలిసినవాళ్లకైతే ఆ భయం ఉండాలి. దెబ్బలు చదవడం వచ్చినవాళ్లకు చాలా చోట్ల పనుంటుంది. ఉపగ్రహాల ఎలక్ట్రానిక్స్‌ను, ఎక్స్-రే డిటెక్టర్లను ఇలాగే పరీక్షిస్తారు. నేల మీది ప్యానెల్ కంపెనీల్లోనూ పాతికేళ్ల గ్యారంటీ ఇవ్వడానికి రిలయబిలిటీ వాళ్లే కావాలి. మీ పెరోవ్‌స్కైట్ అన్నది అసలు ఎప్పుడూ ఎగరకపోయినా, శాంపిల్‌ను దెబ్బకు ముందూ తర్వాతా కొలిచి, ఏ లోపం ఎక్కడ పుట్టిందో చెప్పగలగడం మీ దగ్గరే ఉంటుంది.

ఇక శుక్రవారం గడువు. కవర్ లెటర్‌లో ‘అత్యధిక ఎఫిషియెన్సీ 21 శాతం’ అన్న వాక్యం మొదటి పేరాలో ఉండి ఉంటుంది. దాన్ని మూడో పేరాకు దింపండి. మొదట్లో ఇలాంటిది రాయండి, మీ అంకెలు, మీ మాటలు పెట్టుకుని:

‘పీహెచ్‌డీలో ఎనిమిది నెలలు, మా సెల్స్ వేడి కింద ఎందుకు పడిపోతున్నాయో పొర పొరగా విడదీసి చూశాను. ఫలానా పొర దగ్గర మొదలవుతోందని ఫలానా కొలతలతో తేల్చాను. దాన్ని మార్చాక ఇన్ని గంటలు నిలిచాయి. రేడియేషన్ పరీక్షలు ఇంతవరకు చేయలేదు. కానీ నా సెల్ పొరల్లో తక్కువ శక్తి ప్రోటాన్లు ఎక్కడ ఆగుతాయో లెక్కవేసి చూశాను, ఆ గ్రాఫు దీంతో జతచేస్తున్నాను.’

చివరి వాక్యం నిజం కావాలంటే ఈ రాత్రే ఎస్‌ఆర్‌ఐఎం దించుకోవాలి. సెల్ ఏ గాజు మీద కట్టారో కూడా రాయడం మర్చిపోకండి.